మీ ప్రశ్నలు, మా జవాబులు: ఒక పక్కకే వెలిగే ట్యూబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇంట్లో దీపాల గురించి అడిగినవి తర్వాతకి ఉంచి, పని కోసం వాడే ట్యూబ్‌లైట్ల గురించి అడిగినవి తీసుకున్నాం. జెరాక్స్ మిషన్లో, స్కానర్లో, స్క్రీన్ ప్రింటింగ్ పెట్టెలో, షాపు బోర్డు వెనక ఉండేవన్నమాట. అన్నిట్లోనూ చిక్కు ఒకటే, ట్యూబ్‌లైటు చుట్టూరా వెలుగు చిమ్ముతుంది, మనకేమో ఆ వెలుగు ఒక గీత మీదో ఒక పలక మీదో పడాలి.

పాత జెరాక్స్ మిషన్లు రిపేరు చేస్తుంటాను సార్. ఒక మిషన్లో ల్యాంపు తీసి చూస్తే ట్యూబు పొడవునా ఒక పక్క లోపలి తెల్ల పొడి లేదు, ఉత్త గాజు కనబడుతోంది. పొడి రాలిపోయిందనుకుని కొత్తది తెప్పిస్తే దానికీ అలాగే ఉంది. డూప్లికేట్ మాల్ అంటగట్టారా? దాని బదులు అదే సైజు మామూలు ట్యూబు వేస్తే నడవదా? – మెకానిక్, హనుమకొండ

డూప్లికేట్ కాదండి, అది అలాగే ఉండాలి. దాన్ని అపర్చర్ ల్యాంపు అంటారు. మామూలు ట్యూబులో ఆర్గాన్ లాంటి గ్యాసు కొద్దిగా, పాదరసం కొన్ని మిల్లీగ్రాములు ఉంటాయి, కరెంటు పారగానే పాదరసం ఆవిరి 254 నానోమీటర్ల అల పొడవున్న యూవీ (అతినీలలోహిత) వెలుతురు వదుల్తుంది, అది కంటికి కనబడదు, గాజు లోపలి గోడకి పూసిన ఫాస్ఫర్ పొడి దాన్ని మింగి కనబడే వెలుతురు చేసి అన్ని వైపులకీ వదిలేస్తుంది. మీ చేతిలో ఉన్న ల్యాంపులో మాత్రం గాజు మీద ముందు టైటానియం డయాక్సైడ్ లాంటి వెలుతురుని వెనక్కి కొట్టే తెల్లటి పూత వేసి, దాని మీద ఫాస్ఫర్ వేసి, పొడవునా ఒక సన్నటి పట్టీ మేర ఏ పూతా లేకుండా వదిలేస్తారు. లోపల పుట్టిన వెలుతురు గోడల మధ్య అటూ ఇటూ తగిలి తగిలి చివరికి ఆ కిటికీలోంచే బయటికి రావాలి. నీళ్ళ పైపు మూతి బొటనవేలితో సగం మూస్తే వచ్చే నీళ్ళు తగ్గుతాయి గానీ ధార దూరం పోతుంది కదా, ఇదీ అంతే, మొత్తం లెక్కేస్తే మామూలు ట్యూబు కంటే తక్కువ వెలుతురే వస్తుంది, ఎందుకంటే తగిలిన ప్రతిసారీ గోడ కొంచెం మింగేస్తుంది, కానీ ఆ సన్నటి కిటికీ దగ్గర మాత్రం మామూలు ట్యూబు ఒంటి మీద ఎక్కడా కనబడనంత వెలుగు ఉంటుంది.

మామూలు ట్యూబు వెనక అద్దం రేకు పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. రేకు వెనక్కి పోయే వెలుతురుని ముందుకి తిప్పుతుంది నిజమే, కొంత అయితే తిరిగొచ్చి ట్యూబుకే తగులుతుంది, అయినా ఎంత మంచి అద్దం పెట్టినా ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఆ ట్యూబు ఒంటి మీదున్న ప్రకాశాన్ని మించి చూపించలేం. మసకగా పరుచుకున్న వెలుతురుని లెన్సుతో అంతకంటే ప్రకాశమైన గీతగా పిండడం భౌతిక శాస్త్రం ఒప్పుకోదు. అందుకే ఆ ప్రకాశాన్ని ట్యూబు లోపలే పెంచాల్సొచ్చింది, నన్నడిగితే ఈ చిన్న ల్యాంపులో నిజంగా మెచ్చుకోవాల్సిన తెలివి అదే.

మీ మిషన్‌కి ఇది ఎందుకంటే, అద్దం మీద పెట్టిన కాయితాన్ని మిషను ఒకేసారి చూడదు, సన్నటి గీత గీతగా చూసుకుంటూ పోతుంది. ఆ గీత మీద తప్ప ఇంకెక్కడ పడ్డ వెలుతురైనా దండగే, పైగా అది లెన్సులోకి దూరితే కాపీ మొత్తం పాలిపోతుంది, అక్షరం నలుపు తగ్గిపోతుంది. మామూలు ట్యూబు వేస్తే జరిగేది అదే, గీత మీద చాలదు, మిగతా చోట ఎక్కువవుతుంది. కాబట్టి వేయకండి.

ఇక ల్యాంపు మార్చేటప్పుడు పాతది తీసే ముందే కిటికీ ఎటు తిరిగి ఉందో హోల్డర్ మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. కాస్త తిరిగి కూర్చున్నా కాపీలు నల్లగా వస్తాయి, అప్పుడు టోనర్ (అచ్చు పడే నల్ల పొడి) మీద, డ్రమ్ (కాయితం మీది బొమ్మని వెలుతురుతో పట్టుకునే గొట్టం) మీద అనుమానం వచ్చి ఊరికే ఖర్చు పెడతారు. కిటికీ గాజు మీద వేళ్ళు పెట్టకండి, పెడితే మెత్తని గుడ్డతో తుడిచి బిగించండి.

ఇంకో సంగతి, ల్యాంపుకి బయటి వైపు పొడవునా రెండు లోహపు పట్టీలు అతికించి ఉంటే అది పాదరసం ల్యాంపే కాదు, జెనాన్ ల్యాంపు. ఎలక్ట్రోడ్లు గాజు బయటే ఉంటాయి, లోపల జెనాన్ 172 నానోమీటర్ల దగ్గర యూవీ ఇస్తుంది, మిగతాదంతా పైన చెప్పినట్టే. స్విచ్ వేయగానే పూర్తి వెలుగు, వేడెక్కేదాకా ఆగక్కర్లేదు, చలికి మందగించదు. తర్వాత వచ్చిన డిజిటల్ కాపియర్లలో ఇవి పెట్టడానికి కారణం అదే. దాని డ్రైవర్ బోర్డు వేరు, పాదరసం ల్యాంపుది దీనికి, దీనిది దానికి పనికిరాదు.

పాత మిషన్లలో ఆకుపచ్చ వెలుతురు కనబడేది, అది కూడా ఊరికే పెట్టింది కాదు. సెలీనియం డ్రమ్ములు నీలం, ఆకుపచ్చ వెలుతురుని బాగా పట్టుకునేవి, ఎరుపుని పట్టించుకునేవి కావు. ఆకుపచ్చ వెలుతురులో ఎర్ర సిరా నల్లగా కనబడుతుంది కాబట్టి ఆఫీసుల ఎర్ర స్టాంపులు కాపీలో చక్కగా పడేవి. చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్క్ ఆస్టోరియాలో మొదటి జెరాక్స్ ముద్ర తీసింది 1938 అక్టోబర్ 22న, అమెరికాలో ట్యూబ్‌లైట్లు అమ్మకానికి వచ్చింది కూడా ఆ 1938లోనే. తర్వాత ఈ రెండూ ఒకే పెట్టెలో కలిసి ఇన్నేళ్ళు పనిచేశాయంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

మా నెట్ సెంటర్లో పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది. ఏది స్కాన్ చేసినా పైనుంచి కింద దాకా ఒకే చోట సన్నటి గీత వస్తోంది. పొద్దున మొదటి స్కాన్‌లో రంగులు కూడా తేడాగా ఉంటాయి. ల్యాంపు పోయినట్టేనా? – నంద్యాల

ల్యాంపుకి ఏమీ కాలేదనిపిస్తోంది. స్కానర్లో అద్దం కింద, స్కాన్ మొదలయ్యే అంచున ఒక తెల్ల పట్టీ అతికించి ఉంటుంది. మిషన్ ముందు ఆ పట్టీని చూసి, ల్యాంపు ఎక్కడ ఎంత వెలుగుతోందో చుక్క చుక్కకీ లెక్క రాసుకుంటుంది, ఏ ట్యూబైనా నడుమ కంటే కొసల్లో మసకగానే ఉంటుంది కాబట్టి ఈ లెక్క తప్పదు. ఆ పట్టీ మీదో దాని కింది అద్దం మీదో ఒక దుమ్ము కణం కూర్చుంటే ఆ చోట వెలుగు తక్కువుందని మిషన్ మోసపోయి పేజీ పొడవునా సరిచేసుకుంటూ పోతుంది, అదే మీ గీత. కరెంటు తీగ పీకేసి, మూత విప్పి, ఆ అంచున అద్దం లోపలి వైపు, తెల్ల పట్టీ తుడవండి. కరెంటు ఉండగా మాత్రం వద్దు, లోపలి సన్న ట్యూబుని సీసీఎఫ్ఎల్ అంటారు, పెన్సిల్ కంటే సన్నగా ఉండే దాన్ని వెలిగించడానికి ఇన్వర్టర్ బోర్డు మొదట్లో వెయ్యి వోల్టుల పైన ఇస్తుంది.

పొద్దున రంగు తేడా పాదరసం వల్ల. చల్లగా ఉన్నప్పుడు ఆవిరి తక్కువ, వెలుతురు తక్కువ, వేడెక్కే కొద్దీ రంగు కూడా జరుగుతుంది. ఒకటి రెండు ప్రివ్యూలు ఊరికే వేసుకుని తర్వాత అసలు స్కాన్ చేయండి.

కొత్త పల్చటి స్కానర్ కొనేద్దామా అని కూడా రాశారు. వాటిలో ఎర్ర, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు ఉంటాయి, వెంటనే వెలుగుతాయి, యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి, బాగానే ఉంటాయి, కానీ అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా చూస్తాయి. లావుపాటి బైండు పుస్తకం, కుట్టేసిన పాత పాస్‌బుక్కు పెడితే నడుమ మడత దగ్గర మసకేస్తాయి. మీ పాత దానిలో అద్దాలు, లెన్సు, దూరం ఉన్నాయి కాబట్టి మడతలో అక్షరం కూడా చదవగలిగేలా వస్తుంది. పాత కాయితాల పని ఉన్నంత కాలం దాన్ని ఉంచుకోండి.

పెళ్ళి కార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాం. ఎక్స్‌పోజింగ్ పెట్టెలో మామూలు ట్యూబ్‌లైట్లు ఆరు పెట్టుకున్నాం. లావు అక్షరాలు బాగానే వస్తున్నాయి, చిన్న సైజులో తలకట్లు ఎగిరిపోతున్నాయి, ఒక కార్డులో "వధువు" కాస్తా "వదువు" అయింది, పార్టీ వాళ్ళు గొడవ చేశారు. ట్యూబులు మారిస్తే సరిపోతుందా? – విజయవాడ

పెళ్ళి కార్డులో ఆ మాట తప్పుపడితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది, మీ బాధ అర్థమైంది. ఇందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి, ఒకటి ఏ వెలుతురు, రెండు ఎటునుంచి వచ్చే వెలుతురు. మీ తలకట్టు గొడవ రెండోది.

మొదటిది చెప్పేస్తాను. స్క్రీన్ మెష్ మీద పూసే కోటింగ్ మందు, బైక్రోమేట్ కలిపిందైనా డయాజో కలిపిందైనా, గట్టిపడేది యూవీకి, దాని పక్కనున్న ఊదా నీలం వెలుతురుకి, అంటే సుమారు 350 నుంచి 420 నానోమీటర్లు. మామూలు ట్యూబులోంచి కూడా పాదరసం గీతలు 365, 405, 436 దగ్గర కొంచెం కొంచెం బయటికొస్తాయి కాబట్టి మీ పని జరుగుతోంది, కానీ టైము చాలా పడుతుంది. దీనికోసమే చేసిన ట్యూబులున్నాయి, పేరు చివర 10 అని ఉండేవి 370 దగ్గర, 03 అని ఉండేవి 420 దగ్గర వెలుగుతాయి, అదే పట్టీలో అదే చోక్‌తో నడిచే సైజులు దొరుకుతాయి. 08 అని నల్ల గాజుతో ఉండేవి దొంగ నోట్లు చూసుకునేవి, పనిచేస్తాయి గానీ ఆ నల్ల గాజుకి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. కరోనా తర్వాత క్రిములు చంపే ట్యూబులని బజార్లో బాగా దొరుకుతున్నాయి, పారదర్శకంగా ఉంటాయి, వాటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. వాటిది 254 నానోమీటర్లు, మీ పెట్టె అద్దమే దాన్ని ఆపేస్తుంది కాబట్టి స్క్రీన్ ఎక్స్‌పోజ్ కాదు, కానీ అద్దం తీసి చూసినవాళ్ళ కళ్ళూ చర్మమూ కాలిపోతాయి. పనివాళ్ళకి కూడా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. ఫిల్ము మీద నల్ల అక్షరం ఉన్న చోట వెలుతురు ఆగాలి, అక్కడ మందు మెత్తగా ఉండి నీళ్ళకి కడుక్కుపోవాలి, అప్పుడే ఇంకు దిగుతుంది. ట్యూబుల వెలుతురు నిటారుగా రాదు, ఆరు ట్యూబుల నుంచీ ఏటవాలుగా వస్తుంది, ఫిల్ముకీ మందుకీ నడుమ వెంట్రుకంత సందున్నా అక్షరం అంచు కిందికి దూరి ఆ మందుని కూడా గట్టి చేసేస్తుంది. లావు గీత కొంచెం సన్నబడితే ఎవరూ చూడరు. కానీ మన అక్షరాల్లో తలకట్టు, గుడి చివర, ధ కింద ఆ చిన్న నిలువు గీత అసలే సన్నం, రెండు పక్కలా తినేస్తే ఇక మిగిలేదేం లేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు వేసేవాళ్ళకి ఈ బాధ అంత తెలియదు, తెలుగు వేసేవాళ్ళకి ఎక్కువ.

కాబట్టి ట్యూబు మార్చే ముందు ఇవి చూసుకోండి. ఫిల్ము మీద సిరా ఉన్న వైపు మందుకి ఆనాలి, తిరగేసి పెడితే ఫిల్ము మందమే సందవుతుంది. లోపల ఫోము పెట్టి పైన బరువు సమానంగా పడేలా పెట్టండి, వాక్యూమ్ ఉన్న పెట్టె దొరికితే ఇంకా మంచిది. తెల్ల మెష్ బదులు పసుపు మెష్ వాడండి, తెల్ల దారం వెలుతురుని పక్కలకి పంపేస్తుంది, పసుపు దారం యూవీని మింగేస్తుంది, దీనివల్ల ఎక్స్‌పోజింగ్ టైము కొంచెం పెంచాలి. పెట్టె పక్క గోడలకి తెల్ల రంగో వెండి కాయితమో వేసుంటే తీసేసి మాట్ నలుపు వేయండి, అడుగున మాత్రం తెలుపు ఉంచుకోవచ్చు. ట్యూబులు మరీ అద్దానికి ఆనుకుని ఉంటే ట్యూబు ట్యూబుకీ నడుమ చారలు పడతాయి, ట్యూబుల మధ్య ఎంత దూరముందో కనీసం అంత దూరం అద్దానికి ఉండాలి, ఇంకొంచెం దూరం జరిపితే ఏటవాలు తగ్గి పదును పెరుగుతుంది, టైము కూడా పెరుగుతుంది.

లోపలే సగానికి పైగా వెలుతురుని తిప్పికొట్టే పూత ఉన్న రిఫ్లెక్టర్ ట్యూబులు వేయమంటారా అని అడిగారు. జెరాక్స్ ల్యాంపులా వీటికి ఉత్త గాజు కిటికీ ఉండదు, ఫాస్ఫర్ చుట్టూరా ఉంటుంది, వెనక వైపు మాత్రం దాని కింద ఆ పూత ఉంటుంది. వెనక దుమ్ము పట్టినా ముందుకొచ్చే వెలుతురు తగ్గదు, టైము కలిసొస్తుంది, మంచివే. కానీ పదును వాటివల్ల పెద్దగా పెరగదు, వెలుతురు మీ వైపు తిరుగుతుందే తప్ప నిటారుగా అవ్వదు. నిజంగా సన్న పని ఎక్కువగా ఉంటే దూరంగా పెట్టిన ఒకే ఒక్క మెటల్ హాలైడ్ దీపమే దారి, ఒక చోటి నుంచి వచ్చే వెలుతురు దాదాపు నిటారుగా పడుతుంది.

టైము కోసం ఒక టెస్ట్ వేయండి. చిన్న అక్షరాల ఫిల్ము పెట్టి, అట్టతో కప్పి, కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో పట్టీకి ఒక్కో టైము ఇచ్చి కడిగి చూడండి, ధ కింద గీత ఏ పట్టీలో నిలిచి, మందు కూడా ఊడకుండా ఉందో అదే మీ టైము. కోటింగ్ చేసే గదిలో తెల్ల ట్యూబు తీసేసి పసుపు లైటు పెట్టుకోవడం మర్చిపోకండి.

మా మెడికల్ షాపు గ్లో బోర్డులో వెలుతురు చారలు చారలుగా ఉంది, నడుమ నడుమ నీడలు. ఎల్ఈడీకి మారమంటున్నారు. – కాకినాడ

బోర్డు లోతు చూడండి ముందు. ట్యూబుల మధ్య దూరం బోర్డు లోతు కంటే ఎక్కువుంటే చారలు తప్పవు. ట్యూబు కొసల్లో వెలుతురు తక్కువ కాబట్టి ఒక ట్యూబు కొస ఇంకో ట్యూబు కొసని కొంచెం దాటి ఉండాలి. లోపల రేకుకి తెల్ల రంగు వేయండి, మెరిసే వెండి రంగు వద్దు, అది ట్యూబు బొమ్మనే వెనక చూపిస్తుంది. ఫ్లెక్సు కూడా బ్యాక్‌లిట్‌దే అయ్యుండాలి, ముందునుంచి లైటు వేసే రకం ఫ్లెక్సు వాడితే వెలుతురు సగం లోపలే చస్తుంది. ఎల్ఈడీ సంగతికొస్తే, పుట్టుకతోనే ఒక వైపుకి వెలిగేది అది, బోర్డుకి మంచిదే, మీ ట్యూబులు ఎలాగూ నల్లబడి ఉంటే మార్చేయండి. బాగున్నవి ఊరికే పీకక్కర్లేదు.

నియాన్ బోర్డూ ట్యూబ్‌లైటూ ఒకటేనా? – ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

దగ్గరి చుట్టాలమ్మా. జార్జ్ క్లాడ్ అనే ఫ్రెంచాయన 1910 డిసెంబర్లో పారిస్ మోటార్ షోలో నియాన్ గొట్టాలు వెలిగించి చూపించాడు, నియాన్ ఇచ్చేది నారింజ కలిసిన ఎరుపు ఒక్కటే, దానికి పొడి అవసరం లేదు. బోర్డుల్లో కనబడే తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు చాలావరకు ఆర్గాన్, పాదరసం నింపి లోపల ఫాస్ఫర్ పూసినవి, అంటే అవి వంకరలు తిప్పిన ట్యూబ్‌లైట్లే, వాటిలో వెలుతురిచ్చేది నియాన్ కాదు.

మా క్లినిక్‌లో ఎక్స్‌రే ఫిల్ము చూసే లైటు పెట్టె ఉంది. ఫిల్ము ఫోన్లో ఫోటో తీసి పెద్ద డాక్టరుగారికి పంపితే అడ్డంగా చారలు పడుతున్నాయి. – స్టాఫ్ నర్సు, కరీంనగర్

మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోక్‌తో నడిచే ట్యూబు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియదు, ఫోను కెమెరా మాత్రం వరస వరసగా చదువుతుంది కాబట్టి దానికి చారలుగా తెలుస్తుంది. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టి తీయండి, చారలు పోతాయి. ఎలక్ట్రానిక్ చోక్ వేయిస్తే శాశ్వతంగా పోతాయి, అది సెకనుకి వేల సార్లు నడిపిస్తుంది. పెట్టెలో ట్యూబులన్నీ ఒకేసారి, ఒకే రంగువి మార్చండి, ఒకటి పాతది ఒకటి కొత్తది ఉంటే ఊపిరితిత్తుల ఫిల్ములో ఒక పక్క మచ్చున్నట్టు కనబడొచ్చు. ఫిల్ము చిన్నదైతే చుట్టూ ఖాళీగా వెలిగే చోటు నల్ల కాయితంతో కప్పండి, కళ్ళలోకి కొట్టే వెలుతురు ఉంటే ఎముక విరిగిన సన్నటి గీత కనబడదు, డాక్టరుగారు అక్కడే కూర్చుని చూసినా సరే.

మా స్కూల్లో పాత ట్యూబులు గుట్టగా పడున్నాయి, పిల్లలు వాటితో ఆడుతున్నారు. ఏం చేయాలి? వీటిని బ్యాన్ చేస్తున్నారంటున్నారు నిజమేనా? – టీచర్, పాడేరు

ముందు పిల్లల చేతిలోంచి తీయించి తాళం వేసిన గదిలో పెట్టించండి మేడమ్, ఇది ఈ రోజే చేయించండి. ఒక్కో దానిలో పాదరసం మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది, పాత వాటిలో ఎక్కువ, కానీ మూసిన గదిలో పగిలితే పీల్చేది ఆవిరినే. పగిలితే పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి కాసేపు ఆగండి. చీపురుతో ఊడవకూడదు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. గట్టి అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడి తడి కాయితంతో అద్ది, అన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి మూయండి. స్క్రాపు వాళ్ళకి ఇస్తే రేకు తీసుకుని గాజు పగలగొట్టి పడేస్తారు. మన దేశంలో ఈ-వేస్ట్ నియమాల కింద పాదరసం దీపాలు కూడా వస్తాయి, కాబట్టి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పోవాలి. మీ దగ్గర తక్కువున్నా మండలంలో స్కూళ్ళన్నీ కలిపి ఒకేసారి పంపితే బండి ఖర్చు కలిసొస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో అనుమతి ఉన్నవాళ్ళ లిస్టు అడగండి.

బ్యాన్ మాట నిజమే, కానీ విన్నంత తొందర కాదు. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరి జనం నరాలు దెబ్బతిని చచ్చిపోయారు, ఆ ఊరి పేరుతో 2013లో ఒప్పందం రాశారు, 2017లో అమల్లోకొచ్చింది, 2018లో మన దేశం కూడా చేరింది. 2023లో జెనీవాలో కూర్చుని మామూలు వెలుతురు కోసం వాడే తిన్నటి పొడుగు ట్యూబుల్లో పాత హాలోఫాస్ఫేట్ రకం 2026 చివరికి, మూడు రంగుల పొడి ఉండే మంచి రకం 2027 చివరికి తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలని నిర్ణయించారు. టీవీలు, మానిటర్ల తెర వెనక ఉండే సీసీఎఫ్ఎల్ ట్యూబులకి గడువు 2025 అని పెట్టారు. మీ గదుల్లో వెలుగుతున్నవి పీకేయమని ఇందులో ఎక్కడా లేదు, పోయిన వాటి బదులు ఎల్ఈడీ పట్టీలు వేయించుకుంటూ పోతే చాలు. విజయవాడ నుంచి రాసిన ప్రింటింగ్ వాళ్ళకి కూడా ఇక్కడే చెప్తున్నాను, మీ యూవీ ట్యూబులు మామూలు లైటింగు కిందికి రావు కాబట్టి ఈ గడువులు వాటికి వర్తించవు, కంగారుపడి గుట్టలుగా కొని పెట్టుకోకండి.